గంజి తాగని బ్రైడీ అవ్వ

కార్పొరేషను వాళ్లు ఇచ్చిన కొత్త ఇంట్లో స్నానానికి విడిగా గది ఉంది. ముందూ వెనకా కిటికీలున్నాయి. నీళ్ల కోసం పెరట్లోకి పరిగెత్తక్కర్లేదు. ఇన్ని సుఖాలున్నా నోనీకి ఆ ఇంట్లో నిద్ర పట్టడం లేదు. పక్కవాళ్ల దగ్గు వినిపించదు, పైనున్న మొగుడూ పెళ్లాల తగువు వినిపించదు. "ఇదేం ఇల్లే, శ్మశానంలా!" అని కూతురి దగ్గర సణుగుతుంది. "ఆ గొందిలో ఎలకలతో కాపురం చేసిన రోజులే బావున్నాయంటావా అమ్మా?" అని కూతురు ఎగతాళి చేస్తుంది.

బావున్నాయని నోనీ చచ్చినా అనదు. పేదరికం గొప్పదని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. అలాంటి కబుర్లు చెప్పేవాళ్లని జనవరి నెలలో వట్టి కాళ్లతో లివర్‌పూల్ రాళ్ల మీద నడిపించాలంటుంది. అంటూనే, స్కాట్లండ్ రోడ్డు పక్క గొందులు కూలగొడుతున్నారని తెలిసి పనిగట్టుకుని వెళ్లింది. తను పెరిగిన చోట ఇటుకల కుప్ప, దాని మీద ఒక పిల్లి ఉన్నాయి. అక్కడే నిలబడి ముక్కు చీదుకుంది. ఆ ఏడుపు గొంది కోసం కాదు, ఎలకల కోసం అంతకన్నా కాదు. బ్రైడీ అవ్వ కోసం.

బ్రైడీ అవ్వ ఆమెకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. నోనీ తల్లి బీదల ఆస్పత్రిలో పోయింది. తండ్రి ఓడలో బొగ్గు వేసే పనికి వెళ్లి మళ్లీ రాలేదు. అద్దె రావడం లేదని ఇంటాయన పిల్లని వీధిలోకి నెట్టి తలుపేసుకున్నాడు. అప్పటికి నోనీకి ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. పగలు లైమ్ స్ట్రీట్ రైలు స్టేషను ముందు అగ్గిపెట్టెలు అమ్మేది. రాత్రి రొట్టెల బట్టీ వెనక గోడకు ఆనుకుని పడుకునేది. ఆ గోడ దగ్గర కూడా పెద్దాచిన్నా తేడాలుండేవి. బలమున్న పిల్లలకు వెచ్చటి ఇటుకలు, లేనివాళ్లకు చివరి ఇటుకలు. నోనీది ఎప్పుడూ చివరి ఇటుకే.

ఒక తెల్లవారుజామున సంతకు పోతూ ఒక ముసలావిడ ఆమె కాళ్లు తట్టుకుని పడబోయింది. తల మీద బుట్ట, ఒంటి మీద నల్ల శాలువా.

"బతికున్నావా, చచ్చావా?" అని అడిగింది.

"బతికే ఉన్నా."

"బతికుంటే లేచి ఆ పక్క పట్టుకో. నారింజలు దొర్లిపోతున్నాయి."

ఆ సాయంత్రం అవ్వ ఆమెను తన నేలమాళిగ గదికి తీసుకుపోయి, మెట్ల కింద ఒక మూల చూపించింది. గోనెసంచి పరిచి, తన పాత శాలువా కప్పింది. "రెండే మాటలు పిల్లా. సాయంత్రం జపమాల చెప్పాలి. నా కప్పు కింద అబద్ధం ఆడకూడదు. ఇవి రెండూ చేతకాకపోతే నీ గోడ నీకుంది," అంది.

అబద్ధం సంగతి అవ్వ ఊరికే అనలేదు. ఆవిడకు నిజంగానే అది చేతకాదు. నారింజలు కొనడానికొచ్చిన వాళ్లతో, "అది వద్దమ్మా, పుల్లగా ఉంటుంది. అది పైకి మెరుస్తోంది గానీ లోపల కుళ్లింది," అని తనే చెప్పేది. పక్కన బుట్ట పెట్టుకునే మాగ్ కీనీ తల కొట్టుకునేది. "నీ నోటికి తాళం వేసుకోవే బ్రైడీ! నీ పక్కన కూర్చున్న పాపానికి నా సరుకు కూడా కుళ్లిందనుకుంటున్నారు!" అని తిట్టేది. అవ్వ నవ్వి ఊరుకునేది. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. ఆవిడకున్న ఆస్తల్లా ఆ నోరూ, ఆ జపమాలా, ఆదివారం పూజలో అందరికంటే ముందు లేచి వెళ్లి గురువు చేత నోట్లో పెట్టించుకునే సత్ప్రసాదమూ. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆవిడకు గర్వం ఉండేది.

పోలీసు కనబడితే పారిపోవాలని ఆ గొందుల్లో పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకని ఆ డిసెంబరులో పోలీసు మెరెడిత్ తన వైపు రావడం చూడగానే నోనీ పరుగు లంకించుకుంది. మెరెడిత్ తాడిచెట్టంత మనిషి. వేల్స్ కొండల్లోంచి వచ్చినవాడు, గొందివాళ్లలా కేథలిక్కు కాదు, ప్రొటెస్టెంట్ల చాపెల్లో పాటలు పాడేవాడు.

"ఆగు పాపా! నిన్నేమీ చెయ్యను!" అని అరుస్తూ వెంటపడ్డాడు.

ఏమీ చెయ్యనివాడు ఎందుకు పరిగెత్తుతున్నట్టు? నోనీ ఇంకా వేగం పెంచింది. సందులు తిరిగి, చేపల బుట్టలు దాటి, గొందిలోకి దూరింది. వెనకే మెరెడిత్ వచ్చాడు. పోలీసువాడు గొందిలో అడుగు పెట్టడమే తరవాయి, పై కిటికీలోంచి మాగ్ కీనీ బంగాళాదుంపలు కడిగిన నీళ్లు గుమ్మరించింది. ఎదుటి కిటికీలోంచి తొక్కలు పడ్డాయి.

"బూట్లివ్వడానికమ్మా తల్లీ! పిల్లకి బూట్లు!" అని అతను నెత్తి తుడుచుకుంటూ మొత్తుకున్నాడు.

"పోలీసోడు ఇచ్చేది బూటు కాలితో తన్ను. బూట్లెప్పుడిచ్చాడ్రా?" అంది మాగ్. గొందంతా ఘొల్లుమంది.

నిజానికి అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆ చలికాలం ఊళ్లో పెద్దమనుషులు చందాలు వేసుకుని, దిక్కులేని వీధి పిల్లలకు బట్టలూ బూట్లూ ఇచ్చే పని పోలీసులకు అప్పగించారు. వట్టి కాళ్లతో తిరిగే పిల్లలు పోలీసుల కంటే ఎవరికి ఎక్కువ కనబడతారు? ఇచ్చిన ప్రతి దాని మీదా ముద్ర కొట్టేవాళ్లు. ఆ ముద్ర ఉన్నదాన్ని తాకట్టు కొట్టువాడు ముట్టుకోకూడదు. లేకపోతే పిల్లల బూట్లు పెద్దవాళ్ల సారాయిగా మారడానికి ఒక్క పూట చాలు.

రెండు రోజుల తరవాత నోనీయే వెళ్లి మెరెడిత్ ముందు నిలబడింది. చలికి పగిలిన మడమ చీము పట్టింది. ఇక పరిగెత్తే ఓపిక లేదు.

"నిజంగా బూట్లేనా? జైలు కాదా?"

"జైల్లో నీ సైజు బూట్లు లేవు పాపా," అన్నాడతను.

ఉన్ని మేజోళ్లు, బూడిదరంగు గౌను, అడుగున ఇనప మేకులు కొట్టిన బూట్లు. వాటితో రాతి బాట మీద మొదటిసారి నడిచినప్పుడు వచ్చిన చప్పుడు నోనీకి ఈ నాటికీ గుర్తుంది. ఎవరో పెద్ద మనిషి నడుస్తున్నట్టనిపించి వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు, తనే. ఆ సంతోషంతో అవసరం లేకపోయినా స్టేషను చుట్టూ తిరిగింది. ఆ తరవాత జీవితంలో మంచి బూట్లు చాలానే తొడిగింది గానీ, ఏ జతా అంత గొప్పగా మోగలేదు.

గదిలోకి అడుగుపెట్టగానే అవ్వ తలెత్తింది. "ఎవరిచ్చారు?"

"పోలీసు మెరెడిత్."

"వాడు ఏ గుడికి పోతాడు?"

"చాపెల్‌కి అవ్వా."

అవ్వ దుంపలు తరుగుతున్న కత్తి కింద పెట్టింది. "తీసెయ్."

"ఎందుకవ్వా?"

"ఎందుకా? అది గంజి గనక! సముద్రం అవతల మా దేశంలో పెద్ద కరువొచ్చినప్పుడు మా ఊళ్లో ప్రొటెస్టెంటు పాదిరి దొర గంజి పోయించాడు. గిన్నెడు గంజి తాగాలంటే మన మతం వదిలి వాళ్ల గుడికి రావాలి. తాగినవాళ్ల మనవల్ని కూడా గంజోళ్లనే పిలుస్తారు ఇప్పటికీ. మా అమ్మ మమ్మల్ని వరసలోంచి రెక్క పట్టుకుని లాక్కొచ్చేసింది. ఆ వారమే మా తమ్ముడు పోయాడు. పోతే పోయాడు, మనవాడుగా పోయాడు." ఈ మాట అన్నప్పుడు అవ్వ మెడ నిటారుగా నిలబడింది. "ఊరికే ఇచ్చేవాడు ఈ లోకంలో లేడు పిల్లా. ఇవాళ బూట్లిస్తారు, రేపొచ్చి ఏదో ఒకటి అడుగుతారు. ఆ బూట్లు కావాలంటే వాటితో పాటు నువ్వూ బయటికి నడువు."

నోనీ ఏడవలేదు. కూర్చుని బూట్లు విప్పి, తలుపు తీసి వాటిని బయట పెట్టి, తను లోపలికొచ్చి మెట్ల కింద తన గోనె మీద కూర్చుంది. "బూట్లొద్దవ్వా. నేనిక్కడే ఉంటా," అంది. అప్పుడు అవ్వ కళ్లు పిల్ల మడమ మీద పడ్డాయి. కాసేపు పొయ్యిని తిట్టింది. బొగ్గు అమ్మినవాణ్ణి తిట్టింది. తరవాత శాలువా కప్పుకుని, బయట ఉన్న బూట్లు తీసుకుని, ఫాదర్ కారిగన్ దగ్గరికి పోయింది.

ఫాదర్ కారిగన్ అప్పటికి కొత్తగా వచ్చిన కుర్ర గురువు. "బూట్లకు మతం ఉండదు బ్రైడీ," అని నవ్వాడట.

"మీరు కరువు చూళ్లేదు ఫాదర్, మీకు తెలీదు," అని చెప్పి అవ్వ ఇంటికొచ్చింది. అయినా ఎందుకైనా మంచిదని, గుడి తీర్థం రెండు బూట్ల నిండా పోసి ఒక మూల పెట్టింది. తెల్లారేసరికి తోలు బిర్రబిగిసి చెక్కలా తయారయింది. మాగ్ కీనీ వచ్చి చూసి, "వీటిల్లో ప్రొటెస్టెంటు మతం పోయిందో లేదో గానీ బూట్లు మాత్రం పోయాయి!" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

పిల్ల మళ్లీ వట్టి కాళ్లతో కనబడేసరికి మెరెడిత్ గొందికి వచ్చాడు. ఈసారి ఎవరూ నీళ్లు పొయ్యలేదు. కొయ్యబారిన బూట్లు చూసి, జేబులోంచి కొవ్వు డబ్బీ తీసి, మెట్ల మీద కూర్చుని వాటికి రుద్దడం మొదలుపెట్టాడు.

"వీటిని తడిపిందెవరు పెద్దమ్మా?"

అవ్వకు అబద్ధం రాదు కదా! "నేనే. నీ మతం వదలగొట్టడానికి."

అతను తల వంచుకుని రుద్దుతూనే ఉన్నాడు. "వదిలిందంటారా?"

"చూడాలి," అంది అవ్వ.

అలా నోనీ కాళ్లకు బూట్లు దక్కాయి. ఆ చలికాలమంతా మెరెడిత్ వారానికోసారి వచ్చి ముద్ర చూసేవాడు, మడమ చూసేవాడు, వెళ్లిపోయేవాడు. అవ్వ అతన్ని వెయ్యి కళ్లతో కనిపెడుతూ ఉండేది. ఎప్పుడు జేబులోంచి బైబిలు తీస్తాడా, ఎప్పుడు పిల్లని చాపెల్‌కి రమ్మంటాడా అని. అతను ఎంతకీ తియ్యడు, రమ్మనడు. చివరికి అవ్వకే ఉక్రోషం వచ్చింది. "ఒక్క ప్రార్థన కూడా చెప్పమనడేమే వీడు! ఏం పోలీసు వీడు!" అని మాగ్ దగ్గర వాపోయింది. ఆ రోజులు తలచుకుంటే నోనీ ముఖం ఇప్పటికీ వెలిగిపోతుంది. సాయంత్రం పొయ్యి మీద ఎముకల చారు మరుగుతుంటే జపమాల చెప్పడం, మధ్యలో తను తూగితే అవ్వ మోకాలితో పొడవడం, పై అంతస్తులో ఎవరో మౌతార్గాను వాయించడం. అంతకంటే ఏమీ లేదు. అదే చాలా ఉండేది.

వసంతకాలంలో మిస్ లాంగ్‌ఫర్డ్ వచ్చింది. పిల్లలకు బట్టలూ బూట్లూ పంచే ఆ సంఘంలో పెద్ద ఆవిడ. చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే తిట్టుకోవడం తేలికయ్యేది. గౌను అంచు ఎత్తి పట్టుకుని, తల వంచి నేలమాళిగలోకి దిగి, మెట్ల కింద గోనె చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఈ పిల్ల నీకేమవుతుందమ్మా?"

"ఏమీ కాదు. బట్టీ గోడ దగ్గర దొరికింది," అంది అవ్వ.

ఉన్నమాటే. ఆ ఒక్క మాటతో కొంప మునిగింది. నా అన్నవాళ్లు లేని పిల్లని ఇలాంటి చీకటి కొట్లో వదిలెయ్యడానికి ఆ దొరసానికి మనసొప్పలేదు. పల్లెటూళ్లో వాళ్లకొక పిల్లల ఆశ్రమం ఉంది. అక్కడ ఏడాది ఉంచి, చదువు చెప్పించి, తరవాత ఓడెక్కించి కెనడా పంపిస్తారు. అక్కడ యాపిల్ తోటలున్నాయట, పాలు కావలసినన్నట. మిస్ లాంగ్‌ఫర్డ్ ఇవన్నీ నోనీ తల నిమురుతూ చెప్పింది. నోనీకి ఓడ అన్న ముక్క తప్ప ఏమీ చెవికెక్కలేదు. తన తండ్రి ఎక్కిందీ ఓడే.

కోర్టు కబురు పట్టుకుని మెరెడిత్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం బయటే నిలబడిపోయాడు.

"పిల్ల ఎక్కడ పడుకుంటుందో రాయమన్నారు పెద్దమ్మా. మెట్ల కింద అని రాశాను. ఉన్నదే రాశాను."

"నేనూ ఉన్నదే చెప్పాను," అంది అవ్వ. "నువ్వూ నేనూ కలిసి, నిజం చెప్పి చెప్పి, పిల్లని కెనడా పంపించేస్తున్నాం." మళ్లీ తనే, "ఏదో ఒకటి అడక్కుండా పోరని నేను ముందే అన్నాను. పిల్లనే అడుగుతారనుకోలేదు," అంది.

మెరెడిత్ మొహం ఎర్రబడింది. గోడ వంక చూస్తూ, గోడకే చెబుతున్నట్టు అన్నాడు: "రక్తసంబంధం ఉంటే మేజిస్ట్రేట్ గారు విడదియ్యరు. సొంత అమ్మమ్మ లాంటివాళ్లు ఉంటే."

"నాకు పెళ్లే కాలేదు!"

"అది నేను వినలేదు పెద్దమ్మా," అని అతను గబగబా వెళ్లిపోయాడు.

ఆ తరవాత గొందిలో ఆడవాళ్లంతా కూడి పెద్ద తర్కమే చేశారు. మాగ్ కీనీ మతశాస్త్రం తిరగేసింది. "కోర్టులో ఉండేది వాళ్ల బైబిలే బ్రైడీ, మనది కాదు. వాళ్ల పుస్తకం మీద అబద్ధమాడితే అర్ధ పాపమే!" అంది.

"పుస్తకం ఎవరిదైనా వినేవాడు ఒక్కడే మాగ్," అంది అవ్వ. ఆ సాయంత్రం జపమాల చేతిలో పట్టుకుని కూర్చుంది గానీ పూసలు కదలలేదు. నోనీ మెట్ల కింద నుంచి చూస్తూనే ఉంది. ప్రమాణం చేసి అబద్ధమాడితే ఆత్మకు చావేనని గుడిలో చెప్పేవాళ్లు. ఆ మాట అవ్వ అందరికంటే గట్టిగా నమ్మేది.

కోర్టులో మేజిస్ట్రేట్ జలుబుతో బాధపడుతున్నాడు. అవ్వ ఆదివారం టోపీ పెట్టుకుని బోనెక్కింది. బైబిలు చేతికిచ్చారు. ప్రమాణంగా దాన్ని ముద్దు పెట్టుకుంది.

"ఈ పిల్ల నీకేమవుతుంది?"

అవ్వ నోనీ వైపు చూడలేదు, మేజిస్ట్రేట్ కళ్లలోకే చూసింది.

"నా కూతురు కూతురు."

మిస్ లాంగ్‌ఫర్డ్ లేచి నిలబడింది. "అయ్యా, ఆ రోజు నాతో ఏమీ కాదంది!"

"ఆ రోజు మీరు ప్రమాణం చేయించలేదు కదమ్మా," అంది అవ్వ. జనం నవ్వారు.

మేజిస్ట్రేట్ ముక్కు తుడుచుకుని మెరెడిత్ వైపు తిరిగాడు. "నీకేం తెలుసయ్యా?"

మెరెడిత్ కూడా దేవుడి భయం ఉన్నవాడే. చెమట తుడుచుకున్నాడు. "చలికాలమంతా వీళ్లని చూశానండి. ఈ పిల్ల అవ్వా అంటే ఆవిడ పలకడం చూశాను. ఆవిడ పిలిస్తే ఈ పిల్ల పరిగెత్తడం చూశాను. ఈ పిల్లకి ఇంకో అవ్వ ఉన్నట్టు నేనెక్కడా చూళ్లేదండి."

పిల్లని అవ్వకే అప్పగించారు. నోనీ కోర్టు మెట్ల మీద గెంతుతూ దిగింది. వెనక్కి తిరిగి చూస్తే అవ్వ గోడ పట్టుకుని నిలబడి ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. "నువ్వు నడు పిల్లా, వస్తున్నా," అంది.

శనివారం, చేసిన పాపాలు గురువుతో చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లారు. బ్రైడీ అవ్వకు ఒక చెవి సరిగా వినబడదు. అందుకని తను గుసగుసగా మాట్లాడుతున్నాననుకుంటూ గుడంతా వినబడేట్టు మాట్లాడేది. తెర వెనక ఫాదర్ కారిగన్ ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. అవ్వ జవాబులు మాత్రం వరసలో ఉన్న అందరూ విన్నారు.

"అబద్ధమాడాను ఫాదర్. కోర్టులో. పుస్తకం ముద్దు పెట్టుకుని మరీ."

గొణుగుడు.

"వెళ్లి నిజం చెప్పాలా? చెబితే పిల్లని ఓడెక్కిస్తారు. చెప్పను."

మళ్లీ గొణుగుడు, ఈసారి చాలాసేపు.

"విచారమా? మూడు రోజుల్నించీ వెతుకుతున్నాను ఫాదర్. ఎక్కడా దొరకడం లేదు."

చేసిన పాపానికి విచారం లేకపోతే క్షమాపణ లేదు. క్షమాపణ లేకపోతే సత్ప్రసాదం లేదు. గురువు ఎంత మంచివాడైనా అది దాటలేడు. ఆ ఆదివారం జనమంతా లేచి వరసగా ముందుకు వెళుతుంటే, ఎప్పుడూ అందరికంటే ముందు లేచే బ్రైడీ అవ్వ బల్ల మీదే కూర్చుండిపోయింది. పెళ్లాన్ని కొట్టే తాగుబోతులు వెళ్లారు, తూకంలో మోసం చేసే చేపలవాళ్లు వెళ్లారు. అవ్వ వాళ్లకు దారి ఇవ్వడానికి మోకాళ్లు పక్కకు జరుపుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, తల మాత్రం దించలేదు.

మొదట్లో నోనీకి అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక రోజు బూట్లు తొడుక్కుని, "నేను కెనడా పోతానవ్వా. నువ్వు వెళ్లి నిజం చెప్పెయ్. అప్పుడు నీకు ప్రసాదం ఇస్తారు," అంది. అవ్వ ఆమె చెంప ఛెళ్లుమనిపించింది. తను పెరిగిన అన్ని ఏళ్లలో ఆవిడ చెయ్యి చేసుకున్నది అదొక్కసారే. వెంటనే ఒళ్లోకి లాక్కుని, "ఇంకోసారి ఆ మాటంటే చంపేస్తా," అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ శాలువాకు నారింజ తొక్కల వాసన, చేపల వాసన, బొగ్గు వాసన కలిసి ఉండేవి. అంత మంచి వాసన మళ్లీ నోనీ ఎక్కడా ఎరగదు.

ఏళ్లు గడిచాయి. నోనీ అరువు తెచ్చుకున్న తెల్ల ముసుగు వేసుకుని మొదటి సత్ప్రసాదం తీసుకుంటుంటే అవ్వ వెనక బల్ల మీంచి చూసింది. పొగాకు ఫ్యాక్టరీలో పని దొరికి మొదటి వారం కూలి తెస్తే, ఆ డబ్బుతో ఇద్దరూ వెన్న కారుతున్న రొట్టె కొనుక్కుని తిన్నారు. మెరెడిత్ ఉద్యోగం చాలించుకుని తన కొండలకు వెళ్లిపోతూ చెప్పిపోవడానికి వచ్చాడు. అవ్వ బుట్టలోంచి ఏరి ఏరి ఒక నారింజ అతని చేతిలో పెట్టి, "ఇది తియ్యగా ఉంటుంది," అంది. అవ్వ అన్నాక అది తియ్యగానే ఉంటుందని అతనికి తెలుసు. కళ్లు ఒత్తుకుని జేబులో వేసుకున్నాడు. ఇన్నేళ్లలో శనివారం వస్తే అవ్వ తప్పకుండా గుడికి వెళ్లేది. తెర దగ్గర మోకరిల్లేది. ఫాదర్ అడిగేవాడు. "ఇంకా లేదు ఫాదర్" అనేది. లేచి వచ్చేసేది. గొందిలో కొందరు ఆవిడ మతం మార్చుకుందంటూ, గంజోళ్ల మనిషని చాటుగా వెక్కిరించారు కూడా. మాగ్ కీనీ ఆ కూతలు కూసినవాళ్ల జుట్టు పట్టుకుంది.

నోనీకి పద్దెనిమిదో ఏడు వచ్చిన శీతాకాలంలో అవ్వ మంచం పట్టింది. గుండెల్లో నీరు చేరిందన్నారు. ఒక మధ్యాహ్నం ఫాదర్ కారిగన్ చావుకు ముందు పూసే నూనె, సత్ప్రసాదం పట్టుకుని నేలమాళిగలోకి దిగి వచ్చాడు. ఆయన జుట్టూ అప్పటికి అక్కడక్కడా నెరిసింది. నోనీని బయటికి వెళ్లమన్నాడు. అవ్వ ఆమె చెయ్యి వదల్లేదు.

"ఉండనీయండి ఫాదర్. నేను చెప్పేది ఎలాగూ గొందంతా వింటుంది."

ఆయన మంచం పక్కన మోకరిల్లాడు. చెవి దగ్గరికి వంగి, బతిమాలుతున్నట్టు అన్నాడు. "బ్రైడీ, పిల్ల పెద్దదయింది. ఇంక ఎవరూ ఎత్తుకుపోరు. ఎవరికీ వెళ్లి ఏమీ చెప్పక్కర్లేదు. ఆ రోజు ఆడిన అబద్ధానికి విచారిస్తున్నానని నాతో ఒక్క మాట అను, చాలు."

అవ్వ పైకప్పు వంక చూస్తూ ఆలోచించింది. అవ్వ నరకానికి పోతుందేమోనన్న భయం తొమ్మిదో ఏట నుంచీ నోనీ లోపల కూర్చుని ఉంది. మంచం మీద తల పెట్టి భోరుమంది. "అను అవ్వా! నీకు దండం పెడతా! నా కోసం అను!"

అవ్వ తల తిప్పి నోనీని చూసింది. తనివి తీరా చూసింది. వంకీలు తిరిగిన జుట్టు, పొగాకు మరకల చేతులు, ఏడ్చి ఉబ్బిన మొహం, అన్నీ చూసింది. సంతలో మంచి సరుకు చూసినప్పటి నవ్వు ఆవిడ మొహంలోకి వచ్చింది.

"అలా అంటే అది రెండో అబద్ధమవుతుంది కదా ఫాదర్," అంది.

శాస్త్రం ఏమంటుందో నోనీకి అప్పుడూ తెలీదు, తరవాత ఎవరినీ అడగలేదు. ఫాదర్ కారిగన్ భుజాలు కదులుతుంటే మాత్రం చూసింది. కాసేపటికి జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకుని, సత్ప్రసాదం ఉన్న చిన్న వెండి డబ్బీ మూత తీశాడు.

"నోరు తెరువు బ్రైడీ," అన్నాడు.